ఆయిల్ సీలుకు పూర్ణాయుష్షు

మా మురుగు కాల్వల యాంత్రిక విభాగంలో యంత్రాలు ఆరు, వాటిని నడిపేవాళ్ళు తొమ్మిదిమంది, వాటి గురించి రాసేవాళ్ళం ముప్ఫై ఒక్కమంది. నేను రాసేవాళ్ళలో ఒకణ్ణి. పేరు గురవయ్య. హోదాకి స్టోర్సు గుమాస్తాను. నా వాక్యం బాగుంటుందని ఒకసారి పేరు పడిపోవడంతో ఆఫీసులోంచి ఏ జాబు వెళ్ళాలన్నా నా బల్ల మీదకే వచ్చేది. ఈ కథలో నా తప్పెంతో మీరే తేల్చుకోండి. నేను చాలాసార్లు తేల్చుకుని, ప్రతిసారీ ఒక్కో లెక్క వచ్చి ఊరుకున్నాను.

ఆ ఏడు వేసవిలో మా పై ఆఫీసుకు చిదానందం గారని ఒక సలహాదారు వచ్చారు. ఆయన ఎక్కడో వారం రోజుల సదస్సుకు వెళ్ళివచ్చి, మా శాఖలో విడిభాగాలు చిన్న వయసులోనే తొలగింపునకు గురవుతున్నాయని కనిపెట్టారు. పదివేల గంటలు బతకాల్సిన బేరింగును ఏడువేలకే పీకేస్తున్నారు. నాలుగువేల గంటలు బతకాల్సిన సీలును రెండువేలకే పారేస్తున్నారు. ఇది ఆయన మనసును కలచివేసింది. వెంటనే ‘పూర్ణాయుష్షు విధానం’ అని ఒక సర్క్యులర్ పుట్టింది. కంపెనీవాడి పుస్తకంలో ఏ భాగానికి ఎన్ని గంటలని రాసి ఉందో, అన్ని గంటలూ నిండేదాకా దాన్ని ఎవరూ తాకరాదు. తాకితే దాన్ని ‘అకాల తొలగింపు’ అంటారు. తాకినవాడు సంజాయిషీ ఇవ్వాలి.

గోడలకు బొమ్మలు వచ్చాయి. ఒక బోల్టు, ఒక నట్టు చేతులు పట్టుకుని నవ్వుతున్న బొమ్మ. ప్రతి సోమవారం పొద్దున్నే వరండాలో నిలబడి అందరం కుడిచెయ్యి చాపి, “ఏ విడిభాగాన్నీ దాని కాలం తీరకమునుపు తొలగించనని ప్రతిజ్ఞ చేయుచున్నాను” అనేవాళ్ళం. మా మెకానిక్ బాజీ కూడా అనేవాడు. పెదవులు కదిపేవాడు గానీ గొంతు వచ్చేది కాదని నా అనుమానం.

షేక్ బాజీకి యాభై రెండేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా మా దగ్గరే మెకానిక్కు. ఇంజను మీద అరచెయ్యి వేసి, కాసేపు అట్టే ఉంచి, జబ్బేమిటో చెప్పేవాడు. మాట తక్కువ. తప్పు చెప్పడం నేను చూడలేదు.

మే నెల రెండో వారంలో యేసుపాదం ఆఫీసుకు వచ్చాడు. అతను నాలుగో నంబరు పొక్లెయిన్ ఆపరేటరు. పొడుగు చెయ్యి ఉన్న యంత్రం మాకు అదొక్కటే. పాటిమేర గ్రామం దగ్గర తుమ్మలమడ డ్రెయిన్‌లో పూడిక తీస్తోంది. తొమ్మిది ఊళ్ళ వాననీళ్ళు ఆ డ్రెయిన్‌లోంచే సముద్రానికి పోవాలి. గుర్రపుడెక్క అల్లుకుని, ఒండ్రు పేరుకుని, మూడేళ్ళుగా దాంట్లో నీరు కదలడం లేదు.

“బాజీ అన్నా, నా బండి తిరిగేటప్పుడు మూలుగుతంది. కింద నూనె కూడా కారతంది. ఒకసారి వచ్చి చూడు,” అన్నాడు యేసుపాదం.

బాజీ వెళ్ళి చూసి మధ్యాహ్నానికి తిరిగివచ్చాడు. స్టోర్సు నుంచి సామాను కోరే ఇండెంటు కాయితం నా బల్ల మీద పెట్టాడు.

“స్వింగ్ గేర్ బాక్సు కింది సీలు పోయింది గురవయ్య గారూ. ఎండకీ, ఉప్పు బురదకీ రబ్బరు గట్టిపడిపోయింది. గేర్ బాక్సులో నూనె సగానికి దిగింది. కింద గ్రీజంతా మజ్జిగయిపోయింది.”

పొక్లెయిన్ పైభాగం, అంటే క్యాబిను, చెయ్యి, బకెట్టు, అంతా కలిసి గుండ్రంగా తిరగాలి కదా. దాన్ని తిప్పేదే స్వింగ్ గేర్ బాక్సు. దాని షాఫ్టు చుట్టూ చిన్న పళ్ళెమంత రబ్బరు సీలు ఉంటుంది. లోపలి నూనె బయటికి రాకుండా పట్టుకోవడం తప్ప దానికి వేరే పనిలేదు. అది వదిలేస్తే నూనె పోతుంది. నూనె పోతే పళ్ళు అరుగుతాయి. పళ్ళు పోతే గేర్ బాక్సు పోతుంది.

“ఎంతసేపు పని?” అన్నాను.

“ఒక్క పూట. సీలు మీ బీరువాలో ఉందిగా.”

“రెండున్నాయి,” అన్నాను. అప్పటికి అదంత పెద్ద మాట అనుకోలేదు.

ఇండెంటు మీద మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, ముక్తేశ్వరరావు గారు సంతకం పెట్టాలి. ఆయన కాయితం చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, పుస్తకం తెప్పించారు.

“సీలు ఆయుర్దాయం నాలుగువేల గంటలు. మీటరు ఎంతుంది?”

“రెండువేల ఆరువందల పదకొండు సార్,” అన్నాడు బాజీ.

“అంటే ఇంకా పదమూడువందల ఎనభై తొమ్మిది గంటలు జీవించవలసి ఉన్నది.”

“అరిగిపోయింది సార్.”

“చూడు బాజీ. అరగడం వేరు, ఆయుష్షు తీరడం వేరు. అరిగినది అని నువ్వంటున్నావు. తీరలేదని పుస్తకం అంటోంది. నేను ప్రభుత్వోద్యోగిని. నీ మాట ఏ ఆధారం మీద నమ్మవలె?”

“నూనె కారతంది సార్. వచ్చి చూడండి.”

“కారుట అనేది ఒక అభిప్రాయం,” అన్నారు ఈఈ గారు. నన్ను చూసి, “పై ఆఫీసుకు రాయండి. ‘అరిగినది’ అని వేయకండి. ‘అరిగినట్లు మెకానిక్ భావించుచున్నాడు’ అని వేయండి,” అన్నారు.

రాశాను. వాక్యం బాగానే వచ్చింది.

పది రోజులకు జవాబు వచ్చింది. “సదరు సీలు ఇంకనూ సేవలో ఉన్నందున, మిగిలిన 1389 గంటలు గౌరవప్రదముగా పూర్తి చేసుకొనుటకు తగు వాతావరణము కల్పించవలెను. మధ్యలో తొలగించిన యెడల సంబంధిత సిబ్బందిపై చర్య తీసుకొనబడును.”

అప్పటికి పదిరోజులుగా యంత్రం గట్టు మీద ఆపేసి ఉంది. ఈఈ గారికి అప్పుడు తట్టింది. యంత్రం ఆగితే మీటరు ఆగుతుంది. మీటరు ఆగితే సీలుకు వయసు రాదు. వయసు రాకపోతే అది ఎప్పటికీ తీరదు.

“వెంటనే నడపండి,” అన్నారు.

“తిప్పితే గేర్ బాక్సు పగిలిపోద్ది సార్,” అన్నాడు బాజీ.

“తిప్పమని ఎవరన్నారు? తిప్పవద్దు. నడపండి.”

“తిప్పకుండా నడిపి ఏం చేయాలి సార్?”

“గంటలు చేయాలి.”

ఆ మర్నాటి నుంచీ నాలుగో నంబరు పొక్లెయిన్ పాటిమేర గట్టు మీద నిలబడి, ఇంజను ఆడిస్తూ, రోజుకు ఇరవై నాలుగు గంటలు చేయడం మొదలుపెట్టింది. యేసుపాదం ఒక షిఫ్టు కూర్చునేవాడు. మిగతా రెండు షిఫ్టులకు ఇంకో రెండు యంత్రాల ఆపరేటర్లను తీసుకొచ్చారు. వాళ్ళ యంత్రాలు షెడ్డులో పడి ఉన్నాయి. బాజీ రోజూ సైకిలు మీద వెళ్ళి గేర్ బాక్సులో కారినంత నూనె మళ్ళీ పోసి, కింద పెట్టిన రేకు డబ్బా ఖాళీ చేసి వచ్చేవాడు.

జూన్ మొదట్లో వీరరాఘవమ్మ ఆఫీసుకు వచ్చింది. పాటిమేరలో మూడెకరాలు కౌలుకు చేస్తుంది. భర్త పోయాక ఏడేళ్ళుగా ఒక్కతే చేసుకుంటోంది. తిన్నగా ఈఈ గారి గదిలోకి వెళ్ళి నిలబడింది.

“అయ్యా, మా గట్టు మీద మీ బండి ఒకటి వారం నుంచీ గుర్రుపెడతా ఉంది. తవ్వదు, పోదు. అది ఏం జేస్తందో కాస్త చెప్తారా?”

“విధి నిర్వహణలో ఉన్నదమ్మా,” అన్నారు ఈఈ గారు.

“తవ్వటమేగా దాని ఇది?”

“తవ్వడం దాని కర్తవ్యములలో ఒకటి మాత్రమే. ప్రస్తుతం అది గంటలు పూర్తి చేయుచున్నది.”

వీరరాఘవమ్మ ఒకడుగు ముందుకేసింది. “వానలు పడేటప్పటికి డ్రెయిను తెరుచుకోకపోతే మా నారుమళ్ళు కుళ్ళిపోతాయయ్యా. మూడేళ్ళ బట్టి రెండేసిసార్లు నారు పోస్తన్నా. ఈసారి కూడా పోతే నేను పొలం ఒదిలేయాల్సిందే. అది గంటలు చేస్తందని వాన ఆగుద్దా?”

“వాన మా శాఖ పరిధిలోనికి రాదు,” అన్నారు ఈఈ గారు, మర్యాదగానే.

ఆమె బయటికి వచ్చి వరండాలో బోల్టు, నట్టు బొమ్మ ముందు నిలబడింది. బాజీ అక్కడే ఉన్నాడు. “నువ్వేగా తమ్ముడూ మెకానిక్కువి? దానికేమొచ్చింది?” అని అడిగింది. అతను చెప్పాడు. “ఒక్క పూట పనా?” అంది. ఔనన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేదని తర్వాత బాజీ నాతో అన్నాడు.

ఇంతలో మే నెల ఆఖరి వారం నివేదిక పై ఆఫీసుకు చేరింది. రోజుకు ఇరవై నాలుగు గంటలు నడిచిన యంత్రం రాష్ట్రం మొత్తం మీద మాదొక్కటే. ఒక్కసారీ చెడిపోలేదు, ఒక్కసారీ ఆగలేదు. నాలుగో నంబరుకు ‘ఆదర్శ యంత్రం’ అని బిరుదిస్తూ చిదానందం గారు స్వయంగా జాబు రాశారు. పక్క జిల్లాలవాళ్ళు బస్సులో వచ్చి చూసిపోయారు. వెళ్ళి వాళ్ళూ అదే పని మొదలుపెట్టారు. పదిహేను రోజులు తిరక్కుండా కాల్వ గట్లన్నిటి మీదా యంత్రాలు కదలకుండా బ్రహ్మాండంగా నడవసాగాయి.

ఒక శుక్రవారం సాయంత్రం జల్లు పడింది. పెద్ద వానేం కాదు. మట్టి తడిసింది, అంతే. మర్నాడు పొద్దున్నే బాజీ నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

“బీరువా తాళం ఇస్తారా?”

నేను తలెత్తలేదు. రెండు సీళ్ళూ కాయితంలో చుట్టినవి చుట్టినట్టే నా వెనక బీరువాలో ఉన్నాయి. ఇవ్వాలనే ఉంది. ఇస్తే రిజిస్టరులో ఒకటి తక్కువవుతుంది. ఆ ఒకటి ఎక్కడికి పోయిందని అడుగుతారు.

“వద్దు బాజీ,” అన్నాను.

అతను బలవంతం చేయలేదు. “పోనీ నంబరన్నా చెప్పండి, చుట్టిన కాయితం మీద ఉంటది,” అన్నాడు. చెప్పాను. అతను రాసుకుని బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ పోయి, అదే సీలు వెతుక్కుని సొంత డబ్బుతో తెచ్చుకున్నాడు. నా వెనక బీరువాలో రెండు పెట్టుకుని నేను అతన్ని అంత దూరం పంపాను. చైన్ పుల్లీ, మూడు కాళ్ళ స్టాండు మాత్రం రిజిస్టరులో రాయకుండా ఇచ్చాను. అదే నా సాహసం.

ఆదివారం ఉదయం ఏడింటికి పాటిమేర గట్టు మీద ఇంజను ఆపారు. ఇరవై రోజులుగా విని విని, అది ఆగేసరికి ఊళ్ళోవాళ్ళు ఏమైందోనని గట్టెక్కి వచ్చారు. వీరరాఘవమ్మ వాళ్ళను చింతచెట్టు దాటి రానివ్వలేదు. “చూసేదేం లేదు, పోండి,” అని అందరినీ తోలేసి, తనే వచ్చి కూర్చుని చూసింది.

నేను కూడా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకు తెలియదు. సాయం చేయడం నాకు రాదు.

బాజీ గొట్టాలు విప్పి, వాటి మూతులకు శుభ్రమైన గుడ్డలు కట్టాడు. పైన మోటారు తీసి పక్కన పెట్టాడు. చైన్ పుల్లీతో గేర్ బాక్సును పైకి లాగుతుంటే యేసుపాదం కింది నుంచి పట్టుకుని, “నెమ్మది అన్నా, నెమ్మది,” అంటున్నాడు. షాఫ్టు బయటికొచ్చాక బాజీ పాత సీలు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. దాని అంచు బెల్లంపాకం ఎండినట్టు గట్టిగా ఉంది. రెండుచోట్ల పగిలింది. బాజీ బొటనవేలి గోరు షాఫ్టు మీద అడ్డంగా జారవిడిచి, ఒకచోట ఆపాడు.

“ఇక్కడ గాడి పడింది గురవయ్య గారూ. చూడండి, గోరు పట్టుకుంటది. కొత్త సీలు ఇదే చోట కూర్చోబెడితే వారంలో మళ్ళీ కారుద్ది. వెంట్రుకవాసి పక్కకు జరపాలి.”

నా గోరుకు ఏమీ తగల్లేదు. తగిలిందన్నాను.

కొత్త సీలు అంచుకు గ్రీజు రాసి, చెక్కముక్క పెట్టి, చుట్టూ సమంగా తడుతూ కూర్చోబెట్టాడు. పల్చబడ్డ గ్రీజంతా చేత్తో తోడి, కిరసనాయిలుతో కడిగి, కొత్తది నింపాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు యేసుపాదం క్యాబిన్‌లోకి ఎక్కాడు. యంత్రం మూలగలేదు. నెలరోజులుగా కదలని చెయ్యి మెల్లగా గట్టు నుంచి డ్రెయిను వైపు తిరిగింది. మొదటి బకెట్టు గుర్రపుడెక్క తీసి గట్టు మీద పోయగానే వీరరాఘవమ్మ లేచి నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే అనుకున్నాను. “అన్నం తిని పోండి,” అని మాత్రం అంది.

సోమవారం ఒక చిక్కు వచ్చింది. ఆదివారం లెక్కలో పద్దెనిమిది గంటలే ఉన్నాయి. ఆరు గంటలు ఏమయ్యాయని ఈఈ గారు నన్ను అడిగారు. బాజీ పట్టుబడితే యేసుపాదం పట్టుబడతాడు, తర్వాత నా చైన్ పుల్లీ బయటపడుతుంది. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

“వారాంతపు విశ్రాంతి సార్. సీలుకు.”

ఈఈ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సీలుకు విశ్రాంతి,” అని నెమ్మదిగా అనుకున్నారు. “బాగుంది. పై ఆఫీసుకు సూచనగా పంపండి.”

పంపాను. ఎనిమిదో రోజున రాష్ట్రంలోని అన్ని విభాగాలకూ ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఆదివారం విడిభాగాలకు ఆరు గంటల విశ్రాంతి.

రెండో చిక్కు, యంత్రం తవ్వుతోందన్న సంగతి ఈఈ గారి చెవిన పడటం. తిప్పవద్దన్నాను కదా అన్నారు. “తవ్వడం కాదు సార్, తేలికపాటి వ్యాయామం,” అన్నాను. “వయసు మీద పడుతున్న సీలుకు కదలిక ఉంటే మంచిదని...” ఆయన కలం తీసుకుని ఆ మాటను స్వయంగా రాసుకున్నారు. అదీ ఉత్తర్వయింది.

ఆ విధంగా జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం దాకా నాలుగో నంబరు రోజంతా వ్యాయామం చేసింది. చేసి చేసి, తుమ్మలమడ డ్రెయిను సముద్రం మొగ దాకా తెరుచుకుంది. జూలై ఐదు నుంచి మూడు రోజులు వాన కురిసింది. నీళ్ళు ఎర్రగా, సుడులు తిరుగుతూ పోయాయి. పాటిమేరలో ఒక్క నారుమడి మునగలేదు.

ఆ తర్వాత రెండు వారాలకు మీటరు నాలుగువేలు చూపించింది.

సీలు పదవీ విరమణ సభకు చిదానందం గారు వచ్చారు. గట్టు మీద షామియానా వేశారు. ఆయన పొట్టిగా, ఎర్రగా ఉండి, ఎప్పుడూ ఎవరినో ఓదారుస్తున్నట్టు మాట్లాడేవారు. బాజీ ఒక పక్క గేర్ బాక్సు విప్పుతుండగా ఇంకో పక్క ఉపన్యాసాలు జరిగాయి. నాలుగు గంటలు పట్టింది. నలుగురు వక్తలు సరిపోక, ముందు మాట్లాడినాయనే మళ్ళీ మాట్లాడాడు. చివరికి బాజీ సీలు బయటికి తీసి పట్టుగుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టాడు.

చిదానందం గారు భూతద్దం పెట్టి చూశారు. వేలితో అంచు నిమిరారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“కొత్తదానివలె ఉన్నది!” అన్నారు. “నాలుగువేల గంటల సేవానంతరం ఒక్క గీత లేదు. ఈ సీలును మే నెలలో అరిగినదని ఎవరన్నారు?”

అందరూ బాజీ వైపు చూశారు. అతను గేర్ బాక్సు దగ్గర చేతులు తుడుచుకుంటున్నాడు.

“నేనే సార్,” అన్నాడు.

“ఒక ఆరోగ్యవంతమైన సీలును చంపబోయావు,” అన్నారు చిదానందం గారు, కోపంగా కాదు, బాధగా.

ఆయన జనం వైపు తిరిగి, ముందు వరసలో కూర్చున్న వీరరాఘవమ్మను, “ఏమమ్మా, ఈ విధానం వల్ల రైతులకు మేలు జరిగిందా?” అని అడిగారు.

ఆమె లేచి, బాజీని ఒకసారి చూసింది.

“నీళ్ళయితే పోయినై బాబూ. ఎట్టా పోయినయ్యో నన్ను అడగమాకండి. అడిగితే నేను నిజం చెప్పే మనిషిని,” అని కూర్చుంది.

చిదానందం గారు చప్పట్లు కొట్టారు. అందరం కొట్టాం.

మర్నాడు బాజీకి మెమో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ప్రభుత్వ సీలు మీద నిరాధారమైన అభియోగం మోపినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ. ఆ మెమో కూడా నేనే రాశాను. ఈఈ గారు చెప్పారు, నా చేతులు రాశాయి.

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర అతను జేబులోంచి గుడ్డమూట తీసి విప్పాడు. పాత సీలు. పగుళ్ళు అట్టే ఉన్నాయి.

“ఇది తీసుకెళ్ళి బల్ల మీద పెడితే నా మాట నిలబడుద్ది,” అన్నాడు.

“ఔను,” అన్నాను.

“మరి ఆ కొత్తది ఎప్పుడు ఎక్కించావంటారు. ఇంజను ఎవరు ఆపారంటారు. యేసుపాదానికి ఇద్దరు ఆడపిల్లలు, ఉజ్జోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మీ చైన్ పుల్లీ ఉండనే ఉంది.” టీ తాగాడు. “ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క బండికి తప్పు చెప్పలేదండీ నేను. చెప్పినట్టు రాసియ్యమంటన్నారు.”

నేను, “నిజం చెప్పెయ్యి బాజీ, నా సంగతి నేను చూసుకుంటా,” అని ఉండాల్సింది. అనలేదు. అతను నేనంటానేమోనని కాసేపు చూసినట్టు నాకనిపించింది. తర్వాత సీలును మళ్ళీ మూట కట్టి, పక్కనున్న కాల్వలోకి విసిరేశాడు.

“రాయండి. నా చూపు దోషం అని రాయండి. మీ వాక్యం బాగుంటదిగా,” అన్నాడు.

రాశాను. అతను సంతకం పెట్టాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అంతకుమించి నాకేమీ కాలేదు కూడా.

ఈఈ గారు సంజాయిషీ చదివి, నిబంధన ప్రకారం చూపు దోషానికి వైద్య ధ్రువీకరణ కావాలన్నారు. బాజీని సర్కారు ఆసుపత్రికి పంపారు. అక్కడి కంటి డాక్టరమ్మ అతన్ని రెండుసార్లు పరీక్షించి, అద్దాలు లేకుండా ఆఖరి వరస దాకా చదివాడనీ, ఈ వయసులో ఇంత మంచి చూపు అరుదనీ రాసి పంపింది.

ఫైలు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చూపు దోషం లేదు. కాబట్టి మే నెలలో అతను చూసింది నిజం, సీలు అరిగింది. జూలైలో చిదానందం గారు చూసింది కూడా నిజమే, ఆయన సలహాదారు. సీలు అరగలేదు. రెండూ నిజమైతే మధ్యలో ఏం జరిగింది? ఈఈ గారు పదిరోజులు నిద్రపోలేదు. ఫైలును పై ఆఫీసుకు పంపి చేతులు దులుపుకున్నారు.

చిదానందం గారికి మాత్రం అర నిమిషం కూడా పట్టలేదు. సీలు కోలుకుంది. వారాంతపు విశ్రాంతి వల్ల, తేలికపాటి వ్యాయామం వల్ల, అనుభవజ్ఞుడైన మెకానిక్ పర్యవేక్షణ వల్ల అరిగిన సీలు తిరిగి యవ్వనాన్ని పొందింది. ఇది ప్రపంచంలో మొదటిసారి కావచ్చునని ఆయన రాశారు. మెమో రద్దయింది. స్వింగ్ సీలు ఆయుర్దాయం నాలుగువేల గంటల నుంచి ఎనిమిదివేలకు పెంచబడింది. షేక్ బాజీని రాష్ట్ర శిక్షణ కేంద్రంలో బోధకుడిగా నియమించారు. అన్ని జిల్లాల మెకానిక్కులకు అతను సీలును కోలుకొనేలా చేసే పద్ధతి నేర్పాలి. హాజరుపట్టీ రాయడానికి నన్ను కూడా వెంట పంపారు.

“ఏం చెప్పాలండీ వీళ్ళకి?” అని బస్సులో దారంతా అడిగాడు బాజీ. “విశ్రాంతి ఇవ్వండి, వ్యాయామం చేయించండి అని చెప్పనా? ఎవుడన్నా నమ్మి చేస్తే? గేర్ బాక్సు పగిలి ఎవరి మీదన్నా పడితే?”

మొదటి రోజు ఇరవై రెండుమంది వచ్చారు. అందరూ నలభై దాటినవాళ్ళే. గోళ్ళ సందుల్లో నలుపు పోని చేతులు. గది మధ్యలో బల్ల మీద ఒక గేర్ బాక్సు, గోడ మీద నవ్వుతున్న బోల్టూ నట్టూ. బాజీ వాళ్ళ ముందు నిలబడి గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఇంత చెమట నేనతనికి ఎండలో కూడా చూడలేదు.

“నేను పాఠాలు చెప్పేవాణ్ణి కాదు,” అన్నాడు చివరికి. “ఒక మాట అడుగుతా. ఇష్టమైతేనే చెప్పండి. ఈ విధానం వచ్చాక, ఆర్డరు లేకుండా సీలు మార్చినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?”

అందరి కళ్ళూ నా మీదకు తిరిగాయి. నా కలం చూస్తున్నారని అర్థమైంది. కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను.

వెనక బెంచీలో ఒక పెద్దాయన ఉన్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి, పేరు సింహాద్రప్పడు. ఆయన కూర్చున్నచోటు నుంచి లేవకుండానే చెయ్యి పైకెత్తాడు.

“నాను రెండు మార్సినాను బాబూ. ఆపీసరు ఊరెల్లినప్పుడు.”

పక్కనున్న రాయలసీమాయన ఆయన్ని చూసి, గడ్డం గీక్కుంటూ, “నేను మూడు మార్చినాలేప్పా,” అన్నాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత ముందు వరస మొత్తం. కాసేపటికి వచ్చిన మెకానిక్కుల్లో దించి ఉన్న చెయ్యి ఒక్కటి లేదు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, ముందు ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఎత్తిన చేతుల్లో నాది లేదు. దింపుకుని కూర్చోవడానికే సిగ్గేసింది.

బాజీ నవ్వు ఆగేదాకా ఆగాడు. భుజాలు దిగాయి. నెలల తర్వాత అతను మామూలు మనిషిలా కనిపించాడు.

“మరయితే షాఫ్టు మీద గాడి చూసుకున్నారా?” అని అడిగాడు.

తలలు అడ్డంగా ఊగాయి. చూసుకోలేదు.

“అదీ! మళ్ళీ కారుతున్నయ్యి కదా, వారం పదిరోజులకు?”

“కారతన్నాయి,” అన్నారు నలుగురైదుగురు ఒక్కసారిగా.

“ఎట్టా చూడాలో చెప్తా. దగ్గరికి రండి. అందరూ బొటనవేలి గోరు పెట్టి చూడాలి, ఒకరు చూసి ఇంకొకరికి చెప్పటం కాదు.” బల్ల మీద గేర్ బాక్సును తనవైపు లాక్కుని నా వైపు తిరిగాడు. “గురవయ్య గారూ, ఆ తలుపు గడియ వేసి మీరు కూడా రండి.”